నెత్తురు ఉపమానం – బొంబాయి గ్రూపు చరిత్ర

‘అందరి నెత్తురూ ఎరుపే’ అన్న వాక్యాన్ని అభ్యుదయ సాహిత్యోద్యమంలో ఉన్న మనం ఎన్ని వేల సార్లు వాడి ఉంటామో లెక్క తీసినవాడు లేడు. కులాన్ని ఖండించేటప్పుడు వాడాం. మతకలహాలు జరిగినప్పుడు వాడాం. యుద్ధానికి వ్యతిరేకంగా కవిసమ్మేళనం పెట్టిన ప్రతి చోటా వాడాం. నేనూ వాడాను. అంతటితో ఆగలేదు. కొన్నేళ్ళ క్రితం సాహిత్య విద్యార్థుల తరగతుల్లో ఉపన్యసిస్తూ ఆ ఉపమానాన్ని ఇంకో మెట్టు పైకెక్కించాను. ‘ఓ’ గ్రూపు నెత్తురు ఎవరికైనా సరిపోతుంది. తనదంటూ ఒక గుర్తు లేనిది గనకనే అది అందరిదీ కాగలిగింది. ఆస్తి లేని వర్గం మానవజాతి మొత్తానికి ప్రతినిధి కావడం కూడా ఇలాంటిదే అన్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

సభ అయ్యాక టీ దగ్గర ఒక కుర్రవాడు నన్ను పట్టుకున్నాడు. బ్లడ్ బ్యాంకులో టెక్నీషియను. అడపాదడపా కథలు రాస్తాడు. ‘మాస్టారూ, మీరు చెప్పింది వినడానికి బాగుందిగానీ, ఓ గ్రూపు బొంబాయి వాళ్ళకి సరిపోదండీ’ అన్నాడు. ఆ నగరవాసుల మీద ఏదో హాస్యమాడుతున్నాడనుకుని నవ్వాను. అతను నవ్వలేదు.

ఈ వ్యాసానికి మొదలు ఆ టీ కప్పు దగ్గరే. శాస్త్రం నుంచి ఉపమానాన్ని అరువు తెచ్చుకునే రచయితకు ఆ వస్తువు చరిత్ర కూడా కొంత తెలిసి ఉండాలని మనం ఇతరులకు చెబుతూ ఉంటాం. నాకు తెలియలేదు. తెలుసుకున్నాక, నేను చేసిన పొరపాటు ఒక్క సమాచారపు పొరపాటు కాదని కూడా అర్థమయింది.

1900–1901 ప్రాంతంలో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ తన నెత్తురూ, తనతో పనిచేసేవాళ్ళ నెత్తురూ తీసి, ఒకరి కణాలను మరొకరి సీరంలో కలిపి చూశాడు. కొన్ని జతలు కలిశాయి. కొన్ని గుత్తులు కట్టాయి. ఆ పట్టిక నుంచి మూడు గ్రూపులు తేల్చాడు. నాలుగోది, ఎబి, మరుసటి ఏడు బయటపడింది. ఇవాళ మనం ఓ అంటున్నదాన్ని ఆయన సి అన్నాడు. ఓ అన్న పేరు వచ్చింది పదేళ్ళ తర్వాత. ఎ కణాల మీద ఎ గుర్తు ఉంది, బి కణాల మీద బి గుర్తు ఉంది, ఓ మీద ఏమీ లేదు అన్నది ఆనాటి అవగాహన. లేమినే లక్షణంగా నిర్వచించడం మన సామాజిక శాస్త్రంలో ఎంత పాత అలవాటో, ప్రయోగశాలలో కూడా అంత సులభంగానే జరిగిపోయింది. ఆ అవగాహన తప్పని తేలడానికి యాభై ఏళ్ళు పట్టింది. తేల్చిన సంఘటన జరిగింది మన దేశంలో.

బొంబాయిలో పరేలు అంటే మిల్లుల ప్రాంతం. చుట్టూ నూలు మిల్లులు, చాళ్ళు, రైల్వే వర్క్‌షాపులు. మన తెలంగాణ పద్మశాలీ నేతగాళ్ళు తరాల తరబడి వలసపోయి బతికిన పేటలు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. అంతకుముందే ఇళ్ళు కట్టే పనికి పోయిన తెలుగు కామాటీల పేరు మీద కామాటిపుర అనే పేటే వెలిసింది. ఈ పరేలులో 1926లో ఒక ఆసుపత్రి, దానికి అనుబంధంగా ఒక వైద్య కళాశాల ఏర్పడ్డాయి. ఆసుపత్రికి ఎడ్వర్డు చక్రవర్తి పేరు. కళాశాలకు సేఠ్ గోర్ధన్‌దాస్ సుందర్‌దాస్ పేరు. చక్రవర్తి పేరు పక్కనే ఆ ధర్మకర్తలు పెట్టిన షరతు ఒకటుంది: కళాశాలలో బోధించేవాళ్ళందరూ భారతీయులే అయి ఉండాలి. తెల్లవాళ్ళ వైద్య సర్వీసు గుత్తాధిపత్యానికి అది జవాబు. జాతీయ బూర్జువా వర్గం చేసిన పనులన్నింటినీ ఒకే గాటన కట్టి తీసిపారెయ్యడం ఎంత పొరపాటో ఇలాంటి చోట కనిపిస్తుంది.

ఆ సంస్థలో వై. ఎం. భెండే, సి. కె. దేశ్‌పాండే, హెచ్. ఎం. భాటియా అనే వైద్యులకు, మామూలు పరీక్షలో ఓ గ్రూపుగానే కనబడుతూ, ఏ ఓ గ్రూపు దాతతోనూ కలవని నెత్తురు తగిలింది. అలాంటి మనుషులు ముగ్గురు దొరికారు. వారిలో ఒకడు ప్రమాదంలో గాయపడ్డ రైల్వే పనివాడనీ, మరొకడు కత్తిపోటు తిన్నవాడనీ వైద్య చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. నమూనాలు లండనుకు పంపారు. అక్కడ ఆర్. ఆర్. రేస్, రూత్ సాంగర్, లిస్టర్ సంస్థలోని మోర్గన్, వినిఫ్రెడ్ వాట్‌కిన్స్ పరీక్షించారు. 1952లో ఏడుగురి పేర్లతో లాన్సెట్ పత్రికలో చిన్న వ్యాసం వచ్చింది. ఆ నెత్తురుకు నగరం పేరే నిలిచిపోయింది. 1995లో నగరం ముంబై అయింది. నెత్తురు మాత్రం బొంబాయిగానే ఉండిపోయింది.

వ్యాసం రాసిన ఏడుగురి పేర్లూ మనకు తెలుసు. ఆ ముగ్గురి పేర్లు తెలియవు. రోగి పేరు దాచడం వైద్యధర్మం, కాదనను. అయినా చరిత్ర రచయితగా కాక సాహిత్య విద్యార్థిగా చూసినప్పుడు, ప్రపంచంలోని ప్రతి రక్తనిధి పాఠ్యపుస్తకంలోనూ ఒక అధ్యాయానికి కారణమైన ఆ పనివాడి ముఖం నాకు పదేపదే గుర్తొస్తుంది. అతను నెత్తురు కారుతూ పడి ఉండగా ఒక్కొక్క సీసా తెచ్చి కలిపి చూడటం, ప్రతి గొట్టమూ గుత్తులు కట్టడం. ‘సర్వదాత’ అని మనం బిరుదిచ్చిన నెత్తురే అతనికి విషం.

ఎందుకు విషం? ఇక్కడ కొంచెం ఓపికగా చదవమని పాఠకుల్ని కోరుతున్నాను.

ఎర్రకణం పైపొర మీద చక్కెర అణువులు గొలుసులుగా వేళ్ళాడుతూ ఉంటాయి. గ్రూపు అంటే ఆ గొలుసు కొసన ఏ చక్కెర ఉందన్నదే. ఈ సంగతిని తేల్చినవాళ్ళు మోర్గన్, వాట్‌కిన్స్. వాళ్ళు వాడిన సామగ్రి గురించి చదివితే ముచ్చట వేస్తుంది. ఒక రకం పాముచేప సీరం, ఓ కణాలను గుత్తులు కట్టిస్తుంది. ఆ సీరంలో ముందుగా ఫ్యూకోజ్ అనే చక్కెర కలిపితే దాని పని ఆగిపోతుంది. అంటే సీరం వెతుకుతున్నది ఫ్యూకోజ్‌నే. ఇది కూడా 1952 నాటి మాటే. ఇదే పద్ధతిలో ఎ గుర్తుకూ, బి గుర్తుకూ కారణమైన చక్కెరలు తేలాయి. మొక్కల గింజలు కూడా ఈ పనికొచ్చాయి. పూనాలోని సైనిక వైద్య కళాశాలలో జి. డబ్ల్యు. జి. బర్డ్ 1951లో ఒక భారతీయ గింజ రసం ఎ గ్రూపు కణాలనే ఏరి పట్టుకుంటుందని ప్రకటించాడు. ఆ గింజ పేరు లాటిన్‌లో చదివి నేను పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత చూస్తే అవి మన ఉలవలు! ఎద్దులకు పెట్టి, మిగిలింది చారు కాచుకున్న ఉలవలు ఇవాళ్టికీ బ్లడ్ బ్యాంకుల్లో సీసాలకెక్కి ఎ గ్రూపులోని ఉపజాతులను విడదీస్తున్నాయి.

గొలుసు సంగతికి వస్తాను. ముందు గొలుసు చివర ఫ్యూకోజ్ ఒకటి అతుక్కోవాలి. అతికించడానికి ఒక ఎంజైము ఉంది. అలా అతికిన దాన్ని హెచ్ అంటారు. ఎ గ్రూపు వాళ్ళలో ఆ హెచ్ మీద ఇంకొక చక్కెర చేరుతుంది. బి వాళ్ళలో వేరొకటి చేరుతుంది. ఓ వాళ్ళలో ఏదీ చేరదు, హెచ్ హెచ్‌గానే మిగులుతుంది. అంటే ఓ అన్నది శూన్యం కాదు. అందరికంటే హెచ్ నిండుగా ఉన్నది ఓ కణాల మీదే. నేను వేదిక మీద ‘గుర్తు లేని నెత్తురు’ అని చప్పట్లు కొట్టించుకున్నది, నిజానికి పునాది గుర్తును పూర్తిగా మోస్తున్న నెత్తురు. బొంబాయి మనిషిలో లోపించింది ఆ పునాదే. ఫ్యూకోజ్‌ను అతికించే ఎంజైము పనిచెయ్యదు. హెచ్ లేదు. హెచ్ లేకపోతే ఎ జన్యువు ఉన్నా, బి జన్యువు ఉన్నా, అవి నిలబడటానికి చోటు లేదు. వాళ్ళ శరీరానికి హెచ్ పరాయి గనక దాని మీద ప్రతిరక్షకాలు తయారై సిద్ధంగా ఉంటాయి. ఓ సీసా ఎక్కించగానే ఆ కణాలను పగలగొడతాయి. వాళ్ళకు సరిపోయే నెత్తురు వాళ్ళలాంటి మరొక మనిషి దగ్గరే ఉంటుంది.

1955లో అమెరికాలో ఫిలిప్ లెవీన్ బృందం ఒక కుటుంబాన్ని పరీక్షించింది. తల్లి పరీక్షలో ఓ. తండ్రి ఎ. బిడ్డ ఎబి. పాఠ్యపుస్తకం ప్రకారం ఓ తల్లికి ఎబి బిడ్డ పుట్టడం అసంభవం. అయితే ఆమె వంశంలో బి ఉంది. ఆమెలోనూ బి జన్యువు ఉంది. కానీ హెచ్ లేక బయటపడలేదు. బిడ్డకు తండ్రి నుంచి మంచి హెచ్ జన్యువు రాగానే అమ్మమ్మింటి బి మళ్ళీ తలెత్తింది. అణగి ఉండటం వేరు, లేకపోవడం వేరు అని ఇంత స్పష్టంగా చూపిన ఉదాహరణ జన్యుశాస్త్రంలో అరుదు.

ఇక్కడ నేను కాసేపు ఆగిపోయాను. ఈ కథలో చిక్కు తల్లి దగ్గర వచ్చింది. తల్లి ఎవరన్నది కాన్పు గదిలోనే తెలిసిన విషయం గనక శాస్త్రజ్ఞులు తమ పుస్తకాన్ని అనుమానించారు. అదే చిక్కు తండ్రి దగ్గర వచ్చి ఉంటే? హెచ్ లేక ఓగా కనబడే తండ్రి, ఓ గ్రూపు తల్లి, బి గ్రూపు బిడ్డ. అప్పుడు అనుమానించేది పుస్తకాన్నా, ఆడదాన్నా? మన పురాణాల దగ్గర్నుంచి నేటి నవలల దాకా శీలపరీక్ష ఎవరికి పెట్టారో, ఏ సాక్ష్యం చాలిందో చదువుకున్న మనకు జవాబు కొత్తగా వెతకనక్కర్లేదు. యూరపులో 1920లలోనే గ్రూపుల పరీక్ష పితృత్వ వివాదాల్లో కోర్టుకెక్కింది. ఎక్కువగా అది మేలే చేసింది. చాప్లిన్ ఉదంతం చాలామందికి తెలుసు. ఆయన ఓ, దావా వేసిన స్త్రీ ఎ, బిడ్డ బి. బిడ్డ ఆయనది కాదని వైద్యులు చెప్పారు. అయినా 1945లో కాలిఫోర్నియా జ్యూరీ ఆయన్నే తండ్రిని చేసింది. ఆ కేసు వెనక ఆయన వామపక్ష అభిప్రాయాల మీద ఉన్న కక్ష ఎంతో చెప్పనక్కర్లేదు. బొంబాయి గ్రూపు లాంటిది ఒకటి ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు. యూరపు సంతతిలో అది పది లక్షల్లో ఒకరికి కూడా ఉండటం కష్టం గనక ఆయన విషయంలో వైద్యుల మాట నిజమనే నేనూ అనుకుంటాను. పరీక్ష తప్పని నా వాదన కాదు. పరీక్ష ఎవరి చేతిలో ఉంది, ఎవరిని దోషిని చెయ్యడానికి ఎత్తారు అన్నది పరీక్ష చెప్పదని మాత్రమే.

ఈ ప్రశ్న మరీ భయంకరంగా ఎదురయ్యేది యూరపు చరిత్రలో. మొదటి ప్రపంచయుద్ధం చివర సలోనికా దగ్గర మిత్రరాజ్యాల సైన్యాలు దిగి ఉన్నాయి. అక్కడ లుడ్విక్, హానా హిర్ష్‌ఫెల్డ్ దంపతులు ఎన్నో జాతుల సైనికుల, శరణార్థుల నెత్తురు పరీక్షించి, 1919లో ఫలితాలు ప్రచురించారు. పశ్చిమం నుంచి తూర్పుకు పోయేకొద్దీ ఎ తగ్గుతుంది, బి పెరుగుతుంది. అన్నిటికన్నా బి ఎక్కువగా కనిపించింది భారతీయ సిపాయిల్లో. వాళ్ళలో ఐదుగురిలో ఇద్దరిది బి. బతుకుతెరువు కోసం చేరి, ఎవరి సామ్రాజ్యం కోసమో ఆ మంచులో నిలబడ్డ మన సిపాయిలు అలా శాస్త్రానికి అంకెలయ్యారు. హిర్ష్‌ఫెల్డ్ దంపతులు ఎ, బి నిష్పత్తితో ‘జాతి సూచి’ ఒకటి కట్టారు. వాళ్ళది మానవ వలసల చరిత్ర తెలుసుకోవాలన్న కోరిక. కానీ సూచిక అన్నది తయారయ్యాక కట్టినవాడి చేతిలో ఉండదు. 1926లో ఒట్టో రెహె మొదలైనవాళ్ళు రక్తగ్రూపుల పరిశోధనకు ప్రత్యేకంగా సంఘం పెట్టారు. బి అంటే తూర్పు దేశాల నెత్తురనీ, ఎ అంటే ఉత్తమ జాతిదనీ సిద్ధాంతాలు అల్లారు.

విచిత్రమేమంటే ఈ శాస్త్రాన్ని నిర్మించినవాళ్ళలో చాలామంది యూదు కుటుంబాల్లో పుట్టినవాళ్ళే. లాండ్‌స్టైనర్, హిర్ష్‌ఫెల్డ్, లెవీన్, గ్రూపుల ఆనువంశికతను లెక్కలతో నిరూపించిన గణితవేత్త ఫెలిక్స్ బెర్న్‌స్టైన్. బెర్న్‌స్టైన్ ఉద్యోగం నాజీలు ఊడగొట్టారు. హిర్ష్‌ఫెల్డ్‌ను కుటుంబంతో సహా వార్సా ఘెట్టోలోకి తోశారు. ఆ నరకంలో ఆయన వైద్య విద్యార్థులకు చాటుగా పాఠాలు చెప్పాడు. తప్పించుకున్నాడు గానీ, అజ్ఞాతంలోనే 1943లో కూతురు చనిపోయింది.

మరో సంగతి మనం ప్రత్యేకంగా గుర్తించాలి. 1935లో నూరెంబర్గులో చేసిన చట్టం పేరులోనే ‘జర్మన్ రక్తం’ ఉంది. కానీ ఎవడు యూదుడో తేల్చడానికి ఆ చట్టం కింద ఎవరి నెత్తురూ పరీక్షించలేదు. తాతముత్తాతలు ఏ మత సమాజానికి చెందారో రిజిస్టర్లు తిరగేసి తేల్చారు. పరీక్షిస్తే తేలదని వాళ్ళ శాస్త్రజ్ఞులకు తెలుసు. ‘రక్తశుద్ధి’ అనేది నెత్తురులో లేదు, దస్తావేజులో ఉంది. అమెరికాలో రెడ్‌క్రాస్ సంస్థ ఇదే యుద్ధకాలంలో మొదట నల్లవాళ్ళ నెత్తురు వద్దన్నది. నిరసన వచ్చాక 1942లో తీసుకోవడం మొదలుపెట్టి, సీసాలను వేరువేరుగా ఉంచింది. 1950 దాకా అలాగే ఉంచింది. రెండు సీసాల్లోనూ అవే నాలుగు గ్రూపులని ఉంచినవాళ్ళకు తెలుసు. ఇవి చదివి ‘అక్కడ ఎంత అన్యాయం’ అని నిట్టూర్చి పక్కన పెట్టే హక్కు మన దేశంలో ఎవరికీ లేదు. మన కులాల రక్తశుద్ధి కూడా పెళ్ళి పత్రికల్లోనూ గోత్రాల పట్టికల్లోనూ ఉన్నదే. మన దేశంలో కులాలవారీగా గ్రూపులు పరీక్షించిన సర్వేలు 1930ల నుంచీ ఎన్నో జరిగాయి. ఒక కులానికి ఒక గ్రూపు అన్నది ఎక్కడా దొరకలేదు. శాతాల్లో తేడాలు మాత్రం ఉంటాయి.

మన శిబిరం సంగతి కూడా చెప్పకపోతే ఈ చరిత్ర నిజాయితీగా ఉండదు. నెత్తురుకూ విప్లవ సాహిత్యానికీ ఉన్న సంబంధంలో మొదటి పేరు బొగ్దానోవ్‌ది. ప్రోలెట్‌కల్ట్ సిద్ధాంతకర్తగానే మనం ఆయన్ను తలుస్తాం, అదీ లెనిన్ విమర్శ ద్వారా. 1908లో రాసిన ‘ఎర్ర నక్షత్రం’ నవలలో ఆయన అంగారక గ్రహపు సామ్యవాదుల చేత నెత్తురు ఇచ్చిపుచ్చుకోవడం చేయించాడు. 1926లో మాస్కోలో రక్తమార్పిడి సంస్థ స్థాపించి, 1928లో ఒక విద్యార్థితో తన నెత్తురు మార్చుకుని, ఆ ప్రయోగంలోనే చనిపోయాడు. విద్యార్థి బతికాడు. ఉపమానాన్ని అక్షరాలా నమ్మి ప్రాణం పెట్టిన రచయిత ప్రపంచ సాహిత్యంలో ఇంకొకడు ఉన్నాడో లేదో! నవ్వాలో నమస్కరించాలో తెలియని మనిషి.

లైసెంకో వ్యవహారానికి అలాంటి గౌరవం కూడా దక్కదు. 1948లో సోవియట్ వ్యవసాయ అకాడమీ సభ జన్యుశాస్త్రాన్ని బూర్జువా శాస్త్రమని వెలివేసింది. అంతకుముందే మాస్కోలోని వైద్య జన్యుశాస్త్ర సంస్థను మూసేశారు, దాని అధిపతి లెవిట్‌ను కాల్చేశారు. వావిలోవ్ 1943లో జైల్లో చనిపోయాడు. జన్యువును ఒప్పుకుంటే మనిషి మారడని ఒప్పుకున్నట్టేనని మనవాళ్ళు భయపడ్డారు. జాతివాదులు జన్యువును అబద్ధానికి వాడుకుంటే, వీళ్ళు అబద్ధాన్ని వదిలి జన్యువును కొట్టారు. మార్క్సిస్టుగా దీన్ని జీర్ణించుకోలేక కమ్యూనిస్టు పార్టీకి దూరమైన జె. బి. ఎస్. హాల్డేన్ కథ మనకు దగ్గరగా వచ్చి ముగిసింది. 1957లో ఆయన భారతదేశానికి వచ్చేశాడు. ఆయన దగ్గర చేరిన శిష్యుల్లో మన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. 1960 దశకం మొదట్లో ద్రోణంరాజు, మీరాఖాన్‌తో కలిసి, ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాలను లెక్కకట్టి ప్రచురించారు. హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో చనిపోయాడు. తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాల విద్యార్థులు కోసి నేర్చుకోవడానికి రాసిచ్చాడు. శరీరానికి పవిత్రత ఆపాదించే దేశంలో ఆ వీలునామా ఒక మంచి భౌతికవాద రచన.

మేనరికాల ప్రస్తావన ఊరికే తేలేదు. పాడయిన హెచ్ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా వస్తేనే బొంబాయి గ్రూపు బయటపడుతుంది. దగ్గర బంధువుల పెళ్ళిలో ఆ అవకాశం ఎక్కువ. బొంబాయిలో భాటియా, సాఠే 1974లో ఇచ్చిన లెక్క ప్రకారం అక్కడ సుమారు 7,600 మందిలో ఒకరిది ఈ గ్రూపు. ఒడిశాలో చిన్న చిన్న వృత్తాల్లో పెళ్ళిళ్ళు చేసుకునే కొన్ని ఆదివాసీ సమూహాల్లో ఇంకా ఎక్కువగా కనిపించింది. దీన్ని పట్టుకుని ‘మేనరికం మూఢాచారం’ అని ఒక కథ రాసెయ్యడం సులభం. అలాంటి కథలు నేను చాలా చదివాను, ఒకటి రాశాను కూడా. కోస్తాలో అక్కకూతుర్ని చేసుకోవడం, మేనత్త కొడుక్కి ఇవ్వడం కేవలం అజ్ఞానంతో సాగలేదు. పొలం గట్టు దాటిపోకూడదు, ఇచ్చిన కట్నం తిరిగి ఇంట్లోకే రావాలి, పిల్ల తెలిసిన ఇంట్లో పడాలి అన్న లెక్కలున్నాయి. మూడో లెక్కలో ఆడపిల్ల తల్లి దిగులు కూడా ఉంది. అందుకే ఉపన్యాసాలతో అది పోలేదు. మేనరికం జన్యువును పాడు చెయ్యదు. ఎప్పుడో పాడయినదాన్ని జత కలుపుతుంది, అంతే.

ఆ పాడవడం ఏమిటో 1990ల్లో అక్షరాలతో సహా తెలిసింది. 1990లో అమెరికాలో జాన్ లోవ్ బృందం ఫ్యూకోజ్‌ను అతికించే ఎంజైము తాలూకు జన్యువును వేరుచేసి చదివింది. దాని చోటు 19వ క్రోమోజోము మీద. అది తయారు చేసే ఎంజైములో 365 అమైనో ఆమ్లాలు. 1997లో జపాన్ పరిశోధకులు భారతీయుల బొంబాయి నెత్తురులో ఈ జన్యువును చదివితే, 725వ స్థానంలో ఒక్క అక్షరం మారి ఉంది. దానితో 242వ అమైనో ఆమ్లం లూసీన్ బదులు ఆర్జినైన్ అయింది. ఎంజైము చచ్చుబడింది. పక్కనే ఉన్న జోడు జన్యువు, లాలాజలంలో హెచ్‌ను తయారు చేసేది, మొత్తానికే ఎగిరిపోయింది. అదే 1990లో యమమోటో బృందం ఎ, బి జన్యువును కూడా చదివింది. ఎ ఎంజైముకూ బి ఎంజైముకూ తేడా 354లో నాలుగు అమైనో ఆమ్లాలు. ఓలో సాధారణంగా ఒక్క అక్షరం జారిపోయి ఉంటుంది. రెహె సిద్ధాంతానికి ఆధారమైన ‘తూర్పు నెత్తురు, పడమటి నెత్తురు’ భేదం అంతా కలిపి ఆ నాలుగే.

ఆ 725వ అక్షరం ఎక్కడెక్కడ దొరికిందో చూడండి. 1998లో హిందూమహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో, భారతీయ సంతతి వాళ్ళలో అదే మార్పు, అదే లోపం కనిపించింది. అంతకు చాలా ముందే, 1972లో, దక్షిణాఫ్రికా నటాల్‌లోని భారతీయ కుటుంబాల్లో బొంబాయి గ్రూపు ఉందని మూర్స్ ప్రకటించింది. ఈ రెండు చోట్లకూ మనవాళ్ళు యాత్రలకు పోలేదు. చెరకు తోటలకు పోయారు. 1860లో మద్రాసు రేవు నుంచి ట్రూరో అనే ఓడ నటాల్‌కు మొదటి కూలీలను దించింది. తర్వాత పోయిన ఓడల్లో తెలుగు జిల్లాల జనం వేలమంది. రీయూనియన్‌కు ఫ్రెంచివాళ్ళు పుదుచ్చేరి, కారైకాల్ నుంచి, మన యానాం నుంచి కూలీలను ఎక్కించారు. ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేసిన మనిషి ఊరు తప్పు రాశారు, పేరు తప్పు రాశారు, కులం తోచింది రాశారు. నెత్తురులోని ఆ ఒక్క అక్షరాన్ని మాత్రం ఏ గుమస్తా తప్పు రాయలేకపోయాడు. అది ఏ జిల్లా కుటుంబంతో పోయిందో ఎవరూ చెప్పలేరు. కూలీల చరిత్ర రాయదలచినవాళ్ళకు దొరికే ఆధారాల్లో ఇది కూడా ఒకటని మాత్రం నా మనవి.

ఈ సందర్భంలో మన సినిమా ఒకటి గుర్తొస్తుంది. హిందీ ‘అమర్ అక్బర్ ఆంథోనీ’లో ముగ్గురు కొడుకులూ ఒకేసారి పక్కపక్క మంచాల మీద పడుకుని తల్లికి నెత్తురివ్వడం చూసి, వైద్యపరంగా అసంబద్ధమని విమర్శకులు నవ్వారు. 1980లో తెలుగులోకి ‘రామ్ రాబర్ట్ రహీమ్’గా వచ్చింది. నాకు అసలు అసంబద్ధత వేరే చోట కనిపిస్తుంది. మూడు మతాల వాళ్ళు ఒక తల్లికి నెత్తురిస్తున్నారని చూపి, తీరా వాళ్ళు ముగ్గురూ ఆమె కడుపున పుట్టినవాళ్ళేనని చెబుతుంది కథ. ఐక్యతకు చివరి హామీ మళ్ళీ వంశమే. ‘అందరి నెత్తురూ ఎరుపే’ అన్న మన వాక్యంలో కూడా ఈ బలహీనత కొంత ఉంది. ఒకే రకం గనక సమానం అంటాం. రకాలు వేరైతే? బొంబాయి మనిషికి ఓ మనిషి నెత్తురు నిజంగానే పనికిరాదు. ఆ తేడా కల్పితం కాదు, ప్రాణం తీసేది. ఆ తేడా ఉన్న మనిషిని బతికించడానికి మాత్రం అతని కులంవాడో ఊరివాడో అక్కర్లేదు. ఏ ఊళ్ళో, ఏ మతంలో ఉన్నా హెచ్ లేని మరో మనిషి కావాలి. ఆ గ్రూపు వాళ్ళ పేర్లు, ఫోను నంబర్లు పట్టికలుగా రాసి పెట్టుకుని, కబురందితే రైలెక్కి పోయి నెత్తురిచ్చి వస్తున్నవాళ్ళు మన దేశంలో ఉన్నారు.

ఆ టెక్నీషియను మిత్రుడు తర్వాత ఒకరోజు నన్ను తన పనిచోటికి తీసుకుపోయాడు. ఎ సీరం, బి సీరం చుక్కలు వేసి చూస్తే బొంబాయి నెత్తురు ఓలాగే ప్రశాంతంగా ఉంటుందట. రెండోవైపు పరీక్షలో మనిషి సీరానికి ఎ కణాలు, బి కణాలు కలుపుతారు. దాంతో పాటు ఓ కణాల గొట్టం కూడా ఒకటి వేసి చూస్తేనే దొంగ దొరుకుతుంది. ‘ఆ మూడో గొట్టం ఎప్పుడూ ఏమీ చూపించదు మాస్టారూ. వేలల్లో ఒకసారి చూపిస్తుంది. పని ఎక్కువైన రోజున చెయ్యి వదిలెయ్యబోయేది దాన్నే’ అన్నాడు. ఆ రోజు అతను వరసగా పెట్టిన గొట్టాలు నేనూ చూశాను. మూడోది ఏమీ చూపించలేదు. అయినా కడిగి, పక్క నమూనాకు కొత్తది పెట్టాడు.